కాక్‌పిట్ కింద మూడు వలయాలు

యుద్ధకాలంలో తమ తండ్రిగారు నడిపిన ఫైటర్ విమానం పదకొండు శత్రు విమానాలను నేలకూల్చిందని మంత్రిగారు సోమవారం ఉదయం విలేకరులకు ప్రకటించారు. శనివారం దాకా ఆ సంఖ్య ఎనిమిదే. ఆదివారం పూట కూడా విశ్రాంతి తీసుకోకుండా మరో మూడింటిని కూల్చిన మంత్రిగారి కార్యదీక్షను ఎంత పొగిడినా తక్కువే. మ్యూజియం షెడ్డులో దుమ్ము కొట్టుకుపోతున్న ఆ విమానాన్ని నెలరోజుల్లో ముస్తాబు చేసి జాతికి అంకితం చేస్తామని కూడా సెలవిచ్చారు. ఎన్నికలు రెండు నెలల్లో ఉండటం ఎవరి తప్పూ కాదు.

ముస్తాబు చేసే భారం మ్యూజియం పెయింటరు నెత్తిన పడింది. పన్నెండేళ్లుగా దినకూలీ మీద "తాకరాదు" బోర్డులు రాస్తున్న మనిషి. డైరెక్టరుగారు అతణ్ని గదిలోకి పిలిచి, కూర్చోమనకుండానే విషయం చెప్పారు.

"ప్రారంభోత్సవం ఎవరూ నోరెత్తకుండా జరిగిపోవాలి. జరిగితే ఆ రోజే నీ పర్మనెంటు ఆర్డరు మీద మంత్రిగారి సంతకం. ఎవరైనా వేలెత్తి చూపారో, మర్నాటి నుంచి గేటు లోపలికి రాకు."

ఇంటికెళ్లి చెబితే భార్య పొంగిపోలేదు. "పన్నెండేళ్లుగా వింటున్నా. మీ నాన్న ఏం ఉద్యోగం చేస్తాడని స్కూల్లో అడిగితే పిల్లది ఇప్పటికీ నా మొహం చూస్తోంది. కాగితం చేతికొచ్చాక చెప్పండి," అంది.

పెయింటరుకి ఒక పాడు అలవాటుంది. ఏ పనైనా సరిగ్గా చేస్తాడు. విమానం అసలు రంగేమిటో, తోక మీది నంబరేమిటో తెలుసుకుందామని రికార్డుల గదికి వెళ్లాడు. ఆ గది చూసుకునే ఉద్యోగినిని మ్యూజియంలో అందరూ అక్కా అనే పిలుస్తారు. ఆవిడ బీరువా అడుగు నుంచి విమానం సర్వీసు పుస్తకం తీసి దుమ్ము దులిపింది.

"ఇది కూల్చినవి ఎన్నక్కా?"

"మూడు."

"పదకొండన్నారే."

"మూడే. మూడూ మనవే." అక్క పేజీలు తిప్పింది. "మొదటిసారి దిగుతూ, ఆగి ఉన్న మన విమానాన్ని గుద్దేశాడు. రెండోసారి బయల్దేరుతూ ఇంకోదాన్ని గుద్దాడు. మూడోసారి గాల్లో మనవాణ్ని శత్రువనుకుని కాల్చాడు. పాపం, పైలట్లు బతికి బయటపడ్డారు. ఆ తర్వాత విమానాన్ని షెడ్డులోకీ, ఈయన్ని క్యాంటీన్ అజమాయిషీకీ పంపేశారు. కింద సంతకం చూడు."

సంతకం మంత్రిగారి తండ్రిగారిదే.

"నేను చూపించలేదు, నువ్వు చూడలేదు," అని అక్క బీరువాకి తాళం వేసింది.

వైమానిక దళాల్లో ఒక పద్ధతుంది. ఏ దేశపు విమానాన్ని కూలిస్తే ఆ దేశపు గుర్తును కాక్‌పిట్ కింద వేస్తారు. ఒక విమానానికి ఒక గుర్తు. శత్రువుది ఎర్ర చతురస్రం, మనది నీలి వలయం. పెయింటరు అట్టతో స్టెన్సిల్ కోసి, మనసు చంపుకుని పదకొండు చతురస్రాలు వేశాడు. అబద్ధమే అయినా అంచులు తిన్నగా వచ్చాయి.

రంగు ఆరకముందే కబురొచ్చింది. నాటి శత్రుదేశం నేడు మనకు కార్ల ఫ్యాక్టరీ పెట్టిస్తోంది. ఆ దేశపు బృందమే ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథి. మంత్రిగారు షెడ్డుకి పరుగున వచ్చారు. వెనకే డైరెక్టరుగారూ, విదేశాంగ అధికారీ.

"పదకొండు మరీ ఎక్కువని వాళ్ల రాయబారి బాధపడుతున్నారు సర్."

"ఎన్నయితే బాధపడడు?"

"రెండు."

"నేను అయిదు దాకా దిగుతాను."

అధికారి పక్కకెళ్లి ఫోన్లో మాట్లాడి వచ్చాడు. "మూడుకి ఒప్పించాను సర్. కాకపోతే వాళ్ల గుర్తు ఉండకూడదట. పక్క దేశాల గుర్తులు వేద్దామంటే ఆ దేశాలూ ఊరుకోవు."

మంత్రిగారు కళ్లు మూసుకున్నారు. ఆయన ఆలోచిస్తుంటే అందరూ ఊపిరి బిగబట్టారు. "మన గుర్తు వెయ్యండి. మన విమానం మీద మన గుర్తుంటే ఎవడేమంటాడు?"

ఇంత పెద్ద చిక్కుముడిని ఇంత సులువుగా విప్పిన నాయకుణ్ని చూసి అధికారి ముగ్ధుడయ్యాడు. పెయింటరు మాత్రం గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, అలా వేస్తే దానర్థం..."

"నీకు ఆర్డరు కావాలా, అర్థం కావాలా?" అన్నారు డైరెక్టరుగారు.

చతురస్రాలు గీకేసి, వాటి చోట మూడు నీలి వలయాలు వేశాడు పెయింటరు. అక్క వచ్చి చూసి, "ఈ మ్యూజియంలో పుస్తకానికీ బొమ్మకీ సరిపోయింది ఇదొక్కటే," అని వెళ్లిపోయింది.

ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు తెర లాగారు. చప్పట్లు మోగాయి. అతిథి బృందంలో ఆ దేశపు మాజీ ఫైటర్ పైలట్ ఒకాయన ఉన్నాడు. తొంభై దాటిన మనిషి. చేతికర్ర ఊతంగా విమానం దగ్గరకొచ్చి, కళ్లద్దాలు తుడుచుకుని, వలయాల్ని వేలితో లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. రెక్క కింద నిలబడ్డ పెయింటరు గేటు వైపు చూశాడు. ఇంటికెళ్లి భార్యకి ఏం చెప్పాలో కూడా ఆలోచించేసుకున్నాడు.

ముసలాయన అతనివైపు తిరిగాడు. దుబాసి అడిగాడు. "ఇవి వేసింది నువ్వేనా? ఇది నిజమేనా అని అడుగుతున్నారు."

డైరెక్టరుగారు కళ్లురిమారు. పెయింటరు బూట్ల వంక చూసుకున్నాడు.

"పుస్తకంలో ఉన్నదే వేశానండీ."

ముసలాయన చేతికర్ర దుబాసి చేతికిచ్చి, నిటారుగా నిలబడి, విమానానికి సెల్యూట్ చేశాడు. తరవాత మంత్రిగారి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీ నాన్నగారి సేవల్ని మా దేశం ఇన్నాళ్లూ గుర్తించకపోవడం సిగ్గుచేటు అంటున్నారు సర్," అన్నాడు దుబాసి.

ముసలాయన తన కోటు మీది, ఎర్ర చతురస్రం ఉన్న యుద్ధ పతకం తీసి మంత్రిగారి చొక్కాకి గుచ్చాడు. మంత్రిగారి కళ్లు చెమర్చాయి. "రాసుకోండి," అన్నారు విలేకరులతో. "శత్రువే ఒప్పుకున్నాడు."

ఆ ఊపులోనే పెయింటరు ఆర్డరు మీద సంతకం కూడా పెట్టేశారు. పెయింటరు కాగితాన్ని రెండుసార్లు చదువుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. అప్పుడు డైరెక్టరుగారు భుజం తట్టారు.

"మంత్రిగారిది చిన్న కోరిక. ఆ పతకం బొమ్మ కూడా వలయాల పక్కన వెయ్యాలి. కాస్త పెద్దదిగా."

పర్మనెంటు పెయింటరు వెళ్లి ఎర్ర రంగు డబ్బా మూత తీశాడు.