లిఫ్టు కంపెనీ వారి నిండు భరోసా

మానవజాతి సాధించిన ప్రగతిలో శిఖరాగ్రం ఏదంటే, పని మొదలుపెట్టకముందే పూర్తయిందని ప్రకటించగల సామర్థ్యం. మా అపార్ట్‌మెంటు లిఫ్టును చూసుకునే కంపెనీ ఈ విద్యలో ఆరితేరింది.

సమస్య చిన్నదే. లిఫ్టులోని కంప్యూటరు సంవత్సరాన్ని చివరి రెండు అంకెలతోనే గుర్తుపెట్టుకుంటుంది. జనవరి ఒకటిన 2000వ సంవత్సరం రాగానే అవి రెండూ సున్నాలైపోతాయి. అప్పుడది వందేళ్లు వెనక్కి వెళ్లి, తానింకా పుట్టనే లేదని తేల్చుకుని, ఉన్నచోటే ఆగిపోవచ్చు. (పుట్టనివాళ్ల చేత పని చేయించడం ఎక్కడైనా తప్పే.)

తొమ్మిదో అంతస్తులో మా పెద్దమ్మ ఉంటుంది. నడవలేదు, చక్రాల కుర్చీయే ఆధారం. ఒకటో తేదీ ఉదయమే ఆవిడకు ఆసుపత్రిలో డయాలసిస్. అందుకని కంపెనీకి ఫోన్ చేశాను. భరోసా విభాగానికి కలిపారు. (మరమ్మతుల విభాగాన్ని అందులోనే కలిపేశారట.)

"నూటికి నూరు శాతం సిద్ధంగా ఉన్నాం సార్," అన్నాడు అధికారి.

"పరీక్షించి చూశారా?"

"చూశాం సార్. మీకు నమ్మకం ఉందా అని సిబ్బంది అందర్నీ అడిగాం. ఉందన్నారు. దేనిమీద అని అడిగినవాళ్లని శిక్షణకి పంపించాం."

"లిఫ్టులో తేదీ కాస్త ముందుకి జరిపి చూస్తే ఆగుతుందో లేదో తెలిసిపోతుంది కదండీ?"

"తెలిసిపోతుంది సార్. అందుకే పైవాళ్లు వద్దన్నారు."

మరుసటి వారం లిఫ్టులో 'సర్వసన్నద్ధం' అని ఒక స్టిక్కరు వెలిసింది. దాని మూల ఊడుతోందని ఫిర్యాదు చేస్తే, గంట తిరక్కుండా ముగ్గురు మనుషులొచ్చి అతికించి వెళ్లారు. ఈ కంపెనీలో అంత చురుకుదనం ఉందని నాకు అంతవరకూ తెలియదు.

"వాళ్ల నమ్మకం నన్ను కిందకి దించుతుందేమిట్రా?" అంది పెద్దమ్మ.

ఏడాది ఆఖరి రోజు సాయంత్రం నేను పెద్దమ్మ ఇంట్లో ఉండగా ఎవరో తలుపు తట్టారు. ఫోన్లో మాట్లాడిన భరోసా అధికారిని నేనే అన్నాడు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. గోడ పట్టుకుని ఊపిరి తీసుకుని, పెద్దమ్మ చేతిలో బంగారు అంచు ధ్రువపత్రం పెట్టాడు. 'ఈ లిఫ్టు రేపును, ఎల్లుండియు, ఎల్లకాలమును నడుచును' అని ఉంది.

పెద్దమ్మ ముందు అతనికి మంచినీళ్లు ఇప్పించింది.

"లిఫ్టు ఆగిపోయిందా బాబూ?"

"లేదమ్మా, బ్రహ్మాండంగా నడుస్తోంది."

"మరి మెట్లెక్కి వచ్చావేం?"

"మా సిబ్బంది ఎవరూ ఎక్కకూడదని పొద్దున్నే ఆర్డరు వచ్చిందమ్మా," అన్నాడతను గ్లాసు కింద పెడుతూ. "అది మాకు మాత్రమేలెండి. మీరు నిశ్చింతగా ఎక్కొచ్చు."