కొర్నేలి గారి పదిహేడో సవరణ

పాఠకులారా, మీ పిల్లలు మిమ్మల్ని సరిగ్గా ప్రేమించడం లేదా? తప్పు వాళ్లది కాదు, మీదే. మీరింకా రివోకబుల్ ట్రస్టు పెట్టలేదు!

వీలునామా ఒక దిక్కుమాలిన కాగితం. దాని బలం తెలిసేసరికి రాసినవాడు ఉండడు. ఈ ట్రస్టు అలా కాదు. బతికుండగానే ఇల్లు దానికి రాసేస్తారు. ట్రస్టీ మీరే, అనుభవించేదీ మీరే. మీ తర్వాత ఎవరికి చెందాలో అందులో ఉంటుంది. మనసు విరిగితే మర్నాడే మార్చేస్తారు, రద్దు కూడా చేసేస్తారు; రివోకబుల్ అంటే అదే. మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

భిలాయి ఊళ్లో రిసాలిలో ఉండే కొర్నేలి గారికి ఈ సంగతి ఫోన్లో వీడియో చూస్తుంటే తెలిసింది. ముప్పై నాలుగేళ్లు స్టీల్ ప్లాంటులో ఫోర్‌మన్‌గా డ్యూటీలు వేసిన చెయ్యి ఆయనది. రిటైరయ్యాక పనిలేక, భార్య డైసీ గారు బెండకాయలు తరుగుతుంటే ముక్కల సైజు మీద సలహాలిచ్చి చీవాట్లు తింటున్నారు. ట్రస్టుతో ప్రాణం లేచొచ్చింది. సెక్టార్ మార్కెట్లో టైపు కొట్టించి, తన తర్వాత ఇల్లు ఎవరికన్న పేజీని ప్లాంటులో డ్యూటీ చార్టులాగా ఫ్రిజ్ తలుపు మీద అంటించారు.

ఆహా, ఆ ఫలితం చూడాలి! రుఆబాంధాలో ఉండే కొడుకు ఇమ్మాను ప్రతి ఆదివారం చర్చి అవగానే రొయ్యలతో దిగేవాడు. భిలాయి-3లో కాపురమున్న కూతురు ఎవాంజెలిన్ రోజుకు రెండుసార్లు బీపీ ఎంతని అడిగేది. ఇమ్మాను ఫోన్ ఎత్తలేదని, ఆ పేజీలో వాడి పేరు కొట్టేసి నాలుగో సవరణ. ఎవాంజెలిన్ పులుసులో ఉప్పెక్కువైందని తొమ్మిదోది. అల్లుడు క్యారమ్స్‌లో ఓడిపోవడం మరిచిపోయినందుకు పన్నెండోది. ఒక వారమైతే ఇల్లు మొత్తం ఎదురింటి మనోజ్‌కుమార్‌కి వెళ్లిపోయింది, నమస్తే బాగా పెట్టాడని!

డైసీ గారి పేరా? ఏ సవరణలోనూ లేదు. ఒకసారి ఆవిడే అడిగారు.

"మరి నేనెక్కడుండాలండీ?"

"నువ్వెక్కడికెల్తావు? ఇక్కడే ఉంటావు. దానికి కాగితమెందుకు?"

ఆవిడకి నిజంగా భయమేసింది. రేపు ఈయన పోతే, ఫ్రిజ్ మీద ఎవరి పేరుంటే వాళ్లింట్లో ఒక మూల సర్దుకోవాలి కదా.

పదిహేడో సవరణ దగ్గర, ఇక రిజిస్టర్ చేయిద్దామని వకీలు వాసుదేవరావు గారిని ఇంటికి పిలిచారు. పిల్లలిద్దరూ హాజరు. వకీలు గారు ఇంటి పాత దస్తావేజు అడిగి తీసుకుని, మొదటి పేజీ రెండుసార్లు చదివారు.

"కొర్నేలి గారూ, ఈ ఇల్లు మీరు ట్రస్టుకి రాయలేరు. ఇది మీది కాదు."

"నాది కాకపోతే ఎవులిదటండీ?"

"డైసీ మేడమ్‌ది."

అవును మరి! ఆడవాళ్ల పేరైతే స్టాంపు డ్యూటీ తగ్గుతుందని, ఆ రోజుల్లో ప్లాంటు స్నేహితులందరిలాగే ఆయనా భార్య పేరున కొన్నారు. సంతకం చేయించి, బయటికొచ్చి మరిచిపోయారు. ఆవిడకి చెప్పడం కూడా మరిచిపోయారు. మనలో భార్య పేరున ఇల్లు కొన్నవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకి కొత్తగా రివోకబుల్ ట్రస్టు ఎందుకు చెప్పండి? పేరు ఆవిడది, పెత్తనం వాళ్లది; కొన్న రోజే పెట్టేశారు!

"మమ్మీ, ఝీంగా నీకిష్టం కదా?" అన్నాడు ఇమ్మాను, రొయ్యల సంచి ఆవిడ వైపు జరుపుతూ. ఎవాంజెలిన్ అప్పటికే బీపీ మిషను పట్టీ తల్లి చేతికి చుట్టేస్తోంది.

కొర్నేలి గారు మాత్రం తొణకలేదు. "అదేటి పెద్ద ప్రాబ్లమ్? ఒక సంతకం పెట్టీస్తాది," అని ట్రస్టు కాగితం భార్య ముందుకు తోసి, ఎక్కడ పెట్టాలో వేలితో చూపించారు.

డైసీ గారు పెన్ను అందుకోలేదు.

"ఆ రోజు ఏటి కాగితమండీ అనడిగితే, నీకెందుకు, పెట్టీ అన్నారు. పెట్టీసినాను. ఈసారి మొత్తం సదువుతాను. నచ్చితేనే పెడతాను. నా కళ్లజోడు ఎక్కడుందో సూడండి."

కొర్నేలి గారు లేచి, కళ్లజోడు వెతకడానికి లోపలికి వెళ్లారు.