గద్దగారి ఈల

ఆ ఆదివారం ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. రెఫరీగారు పదింటికి మ్యాచ్ మొదలుపెట్టాలి, పన్నెండుకల్లా ముగించాలి. వంటింటి కుళాయి బాగుచేయడానికి పదకొండింటికి వచ్చే ప్లంబరుకు ఇల్లాలు కాపలా ఉండాలి. ఈ మధ్యలో ఎవరి తలా పగలకూడదు. ఈ చివరి అంశం దగ్గరే చిక్కు.

రెఫరీగారు వారమంతా కరెంటాఫీసు ఫిర్యాదుల గదిలో గుమస్తా. ఎవరెంత ఎగిరినా "తప్పకుండా చూస్తామండీ" అంటారని అక్కడ ఆయనకు మంచి పేరు. బాస్కెట్‌బాల్ కోర్టులోనూ ఆయన స్వభావం అదే. మొదటి మోచేతి పోటుకు "పోన్లే, చూసుకోలేదు పాపం" అనుకుంటారు. రెండోదానికి "ఇంకోసారి చూద్దాం" అనుకుంటారు. మూడోదాని గురించి ఆలోచన పూర్తయ్యేసరికి ఒక జట్టు చొక్కాలు ఇంకో జట్టు గుప్పిళ్లలో ఉంటాయి. పోయిన నెలలో రెండు మ్యాచ్‌లు అలాగే ముగిశాయి. సంఘం కార్యదర్శి ఉత్తరం రాశారు. మూడోసారి కూడా కొట్లాట జరిగితే ఇక రెఫరీగా రానక్కర్లేదని దాని సారాంశం. ఇరవై ఏళ్లుగా ఆదివారాలన్నీ అక్కడే గడిపిన మనిషి, ఆ ఉత్తరాన్ని నాలుగు రోజులుగా చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్నారు.

మ్యాచ్‌కు ముందు ఈలను వేణ్ణీళ్లలో వేసి శుభ్రం చేయడం ఆయన అలవాటు. గిన్నె పొయ్యి మీద పెట్టి, గడ్డం గీసుకోవడానికి వెళ్లారు. సగం గడ్డం అయ్యేసరికి వంటింట్లోంచి పిలుపు వచ్చింది.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి. కంగారు పడకుండా రండి."

గిన్నెలో నీళ్లు ఇగిరిపోయాయి. ప్లాస్టిక్ ఈల అడుక్కు అతుక్కుపోయి, కళ్లు మూసుకున్న కప్పలా పడి ఉంది.

"నువ్వు ఇక్కడే ఉన్నావు కదా!"

"ఉన్నాను. పొయ్యి మీరు కట్టేస్తారని నేననుకున్నాను. నేను కట్టేస్తానని మీరనుకున్నారు. సంసారమంటే అదేగా."

ఆదివారం ఉదయం ఏ కొట్టూ తెరవరు. ఆవిడ బీరువాలోంచి ఒక స్టీలు డబ్బా తెచ్చి మూత తీసింది. లోపల ఇత్తడి ఈల. రెఫరీగారు రెండడుగులు వెనక్కి వేశారు.

అది మామగారి ఈల. ముప్ఫై అయిదేళ్లు రెఫరీగా ఉన్న ఆయన్ని ఊరంతా గద్దగారనేది. ఏ మూల ఎవరి మోచెయ్యి లేచినా, అది తగలకముందే ఆయన ఈల మోగేది. పోయినేడు ఆయన్ని సాగనంపిన రోజున కూడా ఆటగాళ్లందరూ ఒకరినొకరు తోసుకోకుండా, చేతులు దగ్గర పెట్టుకుని వరసలో నడిచారు.

"బతికున్నన్నాళ్లూ నన్ను దీన్ని ముట్టుకోనివ్వలేదే మామయ్యగారు!"

"వద్దనడానికి ఇప్పుడాయన లేరుగా. తీసుకోండి. నాన్న చెప్పిన మూడు ముక్కలూ గుర్తున్నాయా?"

"మొదటి మోచేతికే ఈల. కెప్టెన్‌తో తప్ప ఎవరితోనూ మాట వద్దు. ఛాతీకి ఛాతీ తగిలేలోపల మధ్యలో నువ్వుండు."

"గుర్తుండటానికేం, బాగానే ఉన్నాయి," అందావిడ.

గోడ మీద గద్దగారి ఫొటో కొద్దిగా పక్కకు ఒరిగింది. గాలి అనుకున్నారు ఇద్దరూ. కిటికీ మూసే ఉంది.

ఆ ఇండోర్ స్టేడియం పాతది. పట్టపగలు దీపాలన్నీ వేసినా పై బాల్కనీలో ఒక మూల చీకటిగానే ఉంటుంది. బంతి నేలను తాకిన చప్పుడు, ఒక క్షణం ఆగి పైకప్పు నుంచి మళ్లీ వినిపిస్తుంది. పైన ఇంకెవరో ఇంకో ఆట ఆడుకుంటున్నట్టు ఉంటుంది. ఆ మూలకు సరిగ్గా కింద, రెండో వరసలో చివరి సీటు గద్దగారిది. రిటైరయ్యాక రోజూ అక్కడే కూర్చునేవారు. ఆయన పోయాక అందులో ఎవరూ కూర్చోలేదు. అవి స్ప్రింగు సీట్లు. మనిషి లేస్తే వాటంతటవే పైకి మడుచుకుంటాయి.

ఇవాళ ఆ సీటు కిందికి దిగి ఉంది.

"సార్," అన్నాడు స్కోరు రాసే ముసలాయన. పెన్నుతో అటు చూపించాడు. "ఆ సీటు చూశారా?"

"స్ప్రింగు పోయుంటుందిలెండి."

"నిన్న బాగానే ఉందండీ. నేనే తుడిచాను."

రెండో రెఫరీకి ఆ ఉదయమే నడుం పట్టేసింది. ఫైర్ స్టేషన్‌కూ పోస్టాఫీసుకూ మ్యాచ్ అంటే ఆయనకు ప్రతిసారీ నడుమే పట్టేస్తుంది. ఫైర్ స్టేషన్ కెప్టెన్ని దూలం అంటారు. ఆ మాటలోనే మనిషి ఉన్నాడు. పోస్టాఫీసు కెప్టెన్ చీమ. చిన్నవాడే గాని కుట్టకుండా పక్కనుంచి పోలేడు.

ఆట మొదలైన నిమిషానికే దూలం మోచెయ్యి చీమ డొక్కలో దిగింది. రెఫరీగారు ఈల పెదవుల దాకా తెచ్చి, అలవాటు కొద్దీ "పోన్లే" అనుకుని దించేశారు.

ఈల మోగింది.

ఇత్తడి ఈల. ముందు సన్నగా, తర్వాత కోసేసినట్టు. ఆ హాల్లో ముప్ఫై అయిదేళ్లు మోగిన చప్పుడే. పదిమంది ఆటగాళ్లూ ఉన్నచోటే ఆగిపోయారు. బంతి ఒక్కటే దొర్లుకుంటూ వెళ్లి ఆ రెండో వరస ముందు ఆగింది.

దూలం రెఫరీగారి చేతి వంక చూశాడు. ఈల ఆయన గుప్పిట్లో ఉంది.

"సార్, మీరు ఊదలేదుగా?"

రెఫరీగారు అబద్ధమాడి ఎరగరు. "లేదు, ఊదలేదు," అన్నారు.

"మరి?"

"ఏమో. తప్పయితే మాత్రం తప్పే," అన్నారు, చెయ్యి తనంతట తానే పైకి లేస్తుంటే.

రెండోసారి చీమ దూలం చొక్కా పట్టి లాగాడు. ఈసారి రెఫరీగారు బుగ్గలు పొంగేలా ఊదారు. ఈల పలకలేదు. అరక్షణం తర్వాత ఆ సీటు వైపు నుంచి మోగింది. ముసలాయన స్కోరు పుస్తకం మూసి దణ్ణం పెట్టాడు.

"ఎవడండీ ఆ ఊదేది? దమ్ముంటే కిందికి రమ్మనండి!" అని సీటు వైపు వేలు చూపించి అరిచాడు చీమ.

సమాధానంగా ఈల మోగింది. ఈసారి పొడుగ్గా. రెఫరీగారు రెండు చేతులతో 'టీ' గుర్తు చూపించారు. అంటే నోటి దురుసుకు శిక్ష, అవతలి జట్టుకు ఒక ఉచిత షాట్. చీమ నెమ్మదిగా ఆ ఖాళీ సీటు ముందుకు వెళ్లి, "నోరు జారానండీ, మనసులో పెట్టుకోకండి," అని వచ్చాడు.

అక్కడి నుంచి ఆట అదోలా తయారైంది. "తగిలిందా అండీ?" అంటాడు దూలం. "అబ్బే, నేనే అడ్డొచ్చాను, మీరు కానివ్వండి," అంటాడు చీమ. ఒకరి చేతిలో బంతి లాక్కోవడానికి ఇంకొకరు మొహమాటపడుతుంటే స్కోరు కదలడం మానేసింది. చావింట్లో పరామర్శకు వచ్చినవాళ్లలా ఇరవై కాళ్లు చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి.

విరామంలో కార్యదర్శి రెఫరీగారిని పక్కకు పిలిచారు. "ఏం పద్ధతయ్యా ఇది? ఈల నోట్లో పెట్టకుండానే ఊదుతున్నావు!"

"నాకూ తెలీదండీ. నిజంగా నేను కాదు."

"సరే సరే, వృత్తి రహస్యం. చెప్పకులే," అంటూ కార్యదర్శి మెచ్చుకోలుగా భుజం తట్టారు.

మూడో భాగానికల్లా ఆటగాళ్లకు భయం కాస్త తగ్గి రోషం పెరిగింది. ఆటలో చివరి నిమిషం. రెండు స్కోర్లూ సమానం. బంతి కోసం ఎగిరిన చీమను దూలం గాల్లోనే గెంటాడు. చీమ లేచి నేరుగా దూలం మీదికి వెళ్లాడు. దూలం పిడికిలి పైకెత్తాడు. పోయిన నెల రెండుసార్లూ మొదలైంది ఇలాగే.

రెఫరీగారు ఈల ఊదారు. చక్కగా పలికింది. ఛాతీకి ఛాతీ తగిలేలోపల వెళ్లి మధ్యలో నిలబడ్డారు.

"కెప్టెన్ గారూ, నెట్టింది మీరు. తప్పు మీదే. చెయ్యి దించండి."

దూలం ఆయన మొహంలోకి చూడలేదు. ఆయన భుజం మీదుగా, కొంచెం వెనక్కి, కొంచెం పైకి చూశాడు. అతని మొహంలో రక్తం లేదు. పిడికిలి వేలు వేలుగా విడిపోయింది.

"తప్పయిపోయింది సార్," అన్నాడు. "ఇద్దరికీ చెబుతున్నాను."

రెఫరీగారు వెనక్కి తిరిగి చూశారు. ఎవరూ లేరు.

చీమ ఉచిత షాట్లు రెండూ వేశాడు. పోస్టాఫీసు గెలిచింది. ఎవరి తలా పగల్లేదు. కార్యదర్శి తన ఉత్తరాన్ని తానే వెనక్కి తీసుకుని, వచ్చే నెల ఫైనల్ కూడా నీదేనన్నారు.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో కుళాయి కారడం లేదు. ఇల్లాలి పెదవుల చుట్టూ మాత్రం ఎర్రగా కందినట్టుంది.

"మామయ్యగారు వచ్చారే," అన్నారు రెఫరీగారు, చెప్పులు విడవడం కూడా మరిచిపోయి.

ఆవిడకు నవ్వాగలేదు. "కూర్చోండి, కళ్లు తిరుగుతాయి. నాన్నవి జోడు ఈలలు. మీకిచ్చినదాంట్లో కొవ్వొత్తి మైనం కూరాను. రెండోదాంతో మీ వెనకే వచ్చి బాల్కనీ చీకటి మూలలో స్తంభం వెనక కూర్చున్నాను. నిన్న సాయంత్రం ఆ సీటు పైకి లేవకుండా చెక్కముక్క పెట్టింది కూడా నేనే."

"అయితే పొద్దున నా ఈల కరిగింది..."

"పాలు పొంగనివ్వని దాన్ని, ఈల కరుగుతుంటే చూడనా? మీకు రెఫరీ పని ఉండాలా, ఆ ఈల ఉండాలా?"

రెఫరీగారు పెద్ద ఊపిరి వదిలారు. దయ్యం కంటే పెళ్లాం నయం. "పోన్లే, బతికించావు. ముఖ్యంగా ఆఖరి నిమిషంలో."

ఆవిడ నవ్వు ఆగింది. "ఆఖరి నిమిషమా? ప్లంబరు పదకొండుకి వస్తానన్నాడుగా. విరామంలో ఎవరూ చూడకుండా చెక్కముక్క తీసేసి వచ్చేశాను. సీటు మడుచుకోవడం చూసే వచ్చాను."

"చివరిదాకా దిగే ఉందే! అదీగాక రెండో సగంలో ఈల బాగుపడింది. అన్నీ నేనే ఊదాను, బ్రహ్మాండంగా పలికింది. కావాలంటే ముసలాయన్ని అడుగు."

ఆవిడ ఆయన జేబులోంచి ఇత్తడి ఈల తీసుకుని కిటికీ దగ్గర వెలుతురులోకి తిప్పింది. మైనం పెట్టినది పెట్టినట్టే ఉంది. దాని మీద ఆవిడ బొటనవేలి ముద్ర కూడా చెరగలేదు. గట్టిగా ఊదింది. గాలి కూడా దూరలేదు.

గోడ మీద ఫొటో తిన్నగా ఉంది. ఉదయం నుంచి దాన్ని ఎవరూ సర్దలేదు.

మర్నాడు ఆవిడే వెళ్లి ఆయనకు కొత్త ప్లాస్టిక్ ఈల కొనుక్కొచ్చింది. ఫైనల్ రోజు ఉదయం అది వేణ్ణీళ్లలో ఉన్నంతసేపూ పొయ్యి దగ్గర నుంచి అడుగు కదల్లేదు.