బురదభూతం రెండో ఫోటో

ఆ శనివారం జోర్నిత్స వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి పఠనమందిరం కింది గదిలో ఆట మొదలుపెట్టాలి. పావుగంటలో పోరు ముగించాలి. పన్నెండున్నరకి బల్ల తుడిచి, ఒంటిగంట లోపు తాళంచెవి పైన గెంచెవాగారి చేతిలో పెట్టాలి. అంతే.

అంతేనని తనకు తాను పొద్దుటి నుంచి ఏడెనిమిదిసార్లు చెప్పుకుంది. అయినా ఉదయం తినాల్సిన జున్ను బనిత్స ముక్క పళ్ళెంలో అలాగే ఉండిపోయింది.

నాలుగేళ్ళుగా ఆమె ఆ బల్ల దగ్గర, తలా ఒక పాత్ర తీసుకుని పాచికలతో ఆడే కథల ఆటలో, వైద్యురాలి పాత్ర ఆడుతోంది. ఎవరికైనా గాయమైతే కట్టు కట్టడం, మిగతా సమయంలో మాట్లాడకుండా కూర్చోవడం. బయట కూడా మందుల షాపులో ఆమె ఉద్యోగం ఇంచుమించు అదే. కథ చెప్పి, భూతాలను ఆడించి, తీర్పులు చెప్పే సూత్రధారి ఎప్పుడూ కామెన్. ఆ కామెన్‌కి గురువారం గొంతు పోయింది. గుసగుస కూడా రావడం లేదట. ఫోన్‌లో రాసి పంపాడు: "నువ్వే నడపాలి. చిన్న పోరు. ఒక్క బురదభూతం, లోయ మీద తాళ్ళవంతెన దగ్గర. దాని వివరాలు ఫోటో తీసి పంపుతున్నా. తెలియనిది ఎవరైనా అడిగితే తడుముకోకు, ఏదో ఒకటి గట్టిగా చెప్పు."

ఫోటో వచ్చింది. జోర్నిత్స దాన్ని పెద్ద అక్షరాలతో కాగితం మీద ఎక్కించుకుంది. బలం నలభై. కవచం ఎనిమిది. ముప్పై అడుగుల దూరం నుంచి బురద విసరగలదు. కత్తి తగిలితే రెండుగా చీలుతుంది. చీలిన రెండూ విడివిడిగా పోరాడతాయి. అక్కడితో పేజీ అయిపోయింది.

ఆమె గుబులుకి కారణం భూతం కాదు, గెంచెవాగారు. పఠనమందిరం కార్యదర్శి ఆవిడ. ఒంటిగంటకి అదే గదిలో ఆడవాళ్ళ గాయకబృందం సాధన ఉంటుంది. ఆటవాళ్ళు ఇప్పటికే మూడుసార్లు సమయం దాటించారు. "నాలుగోసారి జరిగితే తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. మీరు ఎక్కడైనా పార్కులో ఆడుకోండి" అని ఆవిడ పోయిన వారమే చెప్పింది. రూసె ఊళ్ళో చలికాలం పార్కులో పాచికలు వేయడమంటే, దాన్యూబ్ నది గాలికి పాచికలే కాదు వేళ్ళు కూడా కొట్టుకుపోతాయి.

పదింటికల్లా ముగ్గురూ వచ్చారు. ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరైన బోయన్, పళ్ళ డాక్టరు మ్లాదెన్, నాటకశాలలో దుస్తులు కుట్టే ఇలినా. బోయన్ పాత్ర రాదుల్ అనే కత్తివీరుడు. పదకొండేళ్ళుగా అదే పాత్ర, దాని వివరాలు రాసుకున్న అదే కాగితం. చెరిపి చెరిపి కొన్నిచోట్ల చిల్లులు పడితే వెనక టేపు అంటించాడు.

"భయపడకు తల్లీ," అన్నాడు బోయన్. "ఒక్క భూతమే కదా. మొదటి వేటుకే పని అయిపోతుంది."

మొదటి వేటు బోయన్‌దే. ఇరవై ముఖాల పాచిక వేశాడు. పద్దెనిమిది పడింది. భూతం కవచం ఎనిమిది కాబట్టి దెబ్బ తగిలినట్టే. జోర్నిత్స కాగితం చూసి చెప్పింది: "అది రెండుగా చీలింది."

"చీలిన ముక్కకి బలం ఎంత?" అన్నాడు మ్లాదెన్. నియమాల పుస్తకాన్ని అతను పళ్ళ ఎక్స్‌రే చూసినట్టు చూస్తాడు.

కాగితం మీద అది లేదు. ఫోన్ తీసింది. నేలకింది గదిలో సిగ్నల్ ఉండదు. తడుముకోకు అన్న కామెన్ మాట గుర్తొచ్చింది.

"నలభై," అంది గట్టిగా. "చెరో నలభై."

"సగం సగం కాదా?"

"కాదు."

నాలుగేళ్ళలో ఆ బల్ల దగ్గర ఆమె అంత గట్టిగా మాట్లాడింది అదే మొదలు. ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని తలొంచారు.

ఇక కత్తితో లాభం లేదని అందరికీ అర్థమైంది. మ్లాదెన్ బాణాలు భూతాన్ని చీల్చవు గానీ, ఒక్కోదాన్ని చంపడానికి ఆరేడు బాణాలు కావాలి. ఇలినా మంత్రగత్తె, ఆమెకున్న మూడు నిప్పుమంత్రాలూ మొదటి రెండు భూతాల మీదే, అవి చావకుండానే అయిపోయాయి. "కత్తి ఒరలో పెట్టు బాబాయ్," అంది ఇలినా.

"పెట్టడానికి లేదు," అన్నాడు మ్లాదెన్, బోయన్ కాగితం లాక్కుని చదువుతూ. "ఇది మామూలు కత్తి కాదు. మూడేళ్ళ కింద గుహలో దొరికింది. పట్టుకున్నవాడి మీద ఎవరైనా చెయ్యి చేసుకుంటే, దానంతట అదే ఎదురుదెబ్బ కొడుతుంది. తప్పనిసరిగా, అని రాసి ఉంది."

"తప్పనిసరిగా అని నేనే గీత కూడా గీశాను," అన్నాడు బోయన్ చిన్నగా.

భూతం కొడితే కత్తి కొడుతుంది. కత్తి కొడితే భూతం రెండవుతుంది. పదకొండింటికి ఏడు భూతాలు, పదకొండున్నరకి పదమూడు. పావులు చాలక జోర్నిత్స ఇలినా సంచిలోని పొద్దుతిరుగుడు గింజలు తీసి పటం మీద పేర్చింది. ప్రతి భూతానికీ ఒక్కో పాచిక తనే వేయాలి. కుడిచెయ్యి లాగుతోంది. గోడగడియారం వైపు చూడకూడదనుకుంటూనే ప్రతి వంతుకీ చూస్తోంది.

"ఇక్కడ పదమూడుండాలి కదా, పదే ఉన్నాయేంటి?" అన్నాడు మ్లాదెన్.

ఇలినా నమలడం ఆపింది. ఆమె ముందు మూడు గింజల పొట్టు ఉంది.

"చూసుకోలేదు," అంది. "అలవాటు."

"ఆ మూడూ చచ్చినట్టా, లేనట్టా?"

దాని మీద పది నిమిషాలు వాదన జరిగింది. తిన్నది ఇలినాయే గానీ మంత్రగత్తె కాదు కాబట్టి భూతాలు బతికే ఉన్నాయని జోర్నిత్స తీర్పు చెప్పింది. తీర్పు చెప్పాక తెలిసింది, తన కాలికిందే తను గొయ్యి తవ్వుకున్నానని. చచ్చాయంటే పోయేది కదా.

పన్నెండింటికి పందొమ్మిది. బోయన్ చాలాసేపు పటం చూసి, బల్ల మీద వంతెనకి గుర్తుగా పెట్టిన చెక్క స్కేలు మొదట్లో తన పావుని నిలబెట్టాడు. "మీరిద్దరూ అవతలికి పొండి. వంతెన మీద మూడింటికి మించి నా ముందుకు రాలేవు. ఎంతసేపు ఆపగలిగితే అంతసేపు ఆపుతా."

పన్నెండున్నరకి తలుపు తెరుచుకుంది. గాయకబృందం ఆరోజే తొందరగా రావాలా? పన్నెండుమంది ఆడవాళ్ళు చలికోట్లతో, పాటల పుస్తకాలతో లోపలికొచ్చారు. అందరికంటే ముందు, బృందంలో పెద్దదైన స్తోయ్నా.

"స్తోయ్నా పిన్నీ, ఒక్క అరగంట," అంది జోర్నిత్స. "పాచికలు వేయడమే ఆలస్యమవుతోంది. ఇన్నిటికి నేనొక్కదాన్నే."

స్తోయ్నా బల్ల కేసి చూసింది. "ఏం పడాలి?"

"రాదుల్ కవచం పదిహేడు. అంతకు మించి పడితే దెబ్బ."

"ఇటివ్వు. అమ్మాయిలూ, తలా రెండు భూతాల్ని తీసుకోండి."

అమ్మాయిల్లో అందరికంటే చిన్నామెకి యాభై రెండేళ్ళు. రెండు నిమిషాల్లో వాళ్ళు భూతాల పక్షం అయిపోయారు. పద్దెనిమిది పడితే ఒకళ్ళ భుజం ఒకళ్ళు తట్టుకున్నారు. చీలిన ప్రతిసారీ కొత్త గింజ కోసం చెయ్యి చాపారు. గింజలు ముప్పై ఒకటి అయ్యాయి. రాదుల్‌కి మిగిలిన బలం నాలుగు.

స్తోయ్నా పాచిక వేసింది. ఇరవై పడింది.

బోయన్ పావుని మెల్లగా పక్కకి పడుకోబెట్టాడు. టేపు అంటించిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"నేను కావాలని వేయలేదయ్యా," అంది స్తోయ్నా.

"నీదేం లేదులే," అన్నాడతను. అని, గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

జోర్నిత్స లేచింది. నీళ్ళు తెస్తానని చెప్పి మెట్లెక్కింది. సగం మెట్ల దగ్గర ఫోన్ మోగింది. ఆమె కింది గదిలోకి దిగాక కామెన్ పంపిన రెండో ఫోటో, సిగ్నల్ దొరికి అప్పుడొచ్చింది. అదే భూతం, రెండో పేజీ: "చీలిన ముక్కలు మిగిలిన బలాన్ని సగం సగం పంచుకుంటాయి. పదికి తక్కువ బలమున్న ముక్క ఇక చీలదు."

ఆమె మెట్టు మీద కూర్చుంది. వేళ్ళ మీద లెక్కేసింది. సరిగ్గా ఆడి ఉంటే భూతాలు నాలుగో ఐదో అయ్యేవి, అవీ పావుగంటలో చచ్చేవి. రాదుల్‌కి ఒక గీటు పడేది. కామెన్‌కి ఫోన్ చేసింది. అవతల కొలిమితిత్తి ఊదినట్టు శబ్దం తప్ప ఏమీ వినబడలేదు. పెట్టేశాక అతను రాసి పంపాడు: "పోరు తొందరగా అయిపోయిందా?"

తలెత్తి చూస్తే పైమెట్టు మీద గెంచెవాగారు నిలబడి ఉంది. చేతికి గడియారం. ఒంటిగంట దాటి ఎనిమిది నిమిషాలు.

"పద," అందావిడ. "తాళంచెవి ఎక్కడ?"

జోర్నిత్స ముందు నడిచింది, వెనక ఆవిడ. గదిలోకొచ్చి బల్ల దగ్గర నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా, ఫోన్‌లో ఉన్నది మొత్తం చదివింది. "తప్పు నాది. నాకు తెలియదని చెప్పకుండా ఏదో ఒకటి చెప్పాను. ఇదంతా కొట్టేద్దాం. రాదుల్ చావలేదు బాబాయ్. కాగితం తియ్యి."

"నేను అప్పుడే అడిగాను," అన్నాడు మ్లాదెన్.

బోయన్ కాగితం తీయలేదు. "ఇప్పుడెన్ని ఉన్నాయి?"

"ముప్పై ఒకటి."

"సరైన లెక్క ప్రకారం?"

"నాలుగు. మహా అయితే ఐదు."

బోయన్ గడ్డం గోక్కున్నాడు. "చూడు తల్లీ. పదకొండేళ్ళలో వీడు చేసింది ఏంటంటే తలుపులు పగలగొట్టాడు, మేకల దొంగల్ని తరిమాడు, ఒకసారి బావిలో పడ్డాడు. ఇవాళ ఒక్కడే నిలబడి ముప్పై ఒక్క భూతాల్ని ఆపాడు. సోమవారం రేవులో పాతవాళ్ళకి చెప్పుకుందామని ఇందాకట్నుంచి మనసులో వరస కూర్చుకుంటున్నా. నాలుగింటిని ఆపాడని చెప్పమంటావా?"

"కానీ బతుకుతాడు."

"బతికి ఏం చేస్తాడు, మళ్ళీ తలుపులేగా. చచ్చాడు. అలాగే ఉండనీ."

"మేం గెలుస్తున్నప్పుడు నియమాలు మారతాయా?" అంది స్తోయ్నా. "ఇదెక్కడి న్యాయం?"

గాయకబృందం అంతా ఒక్క గొంతుతో అదే అంది. సాధనలో వాళ్ళు అంత కలిసి పలికింది ఎప్పుడూ లేదు.

గెంచెవాగారు అందరినీ చూసింది. పటం చూసింది. "ఇక్కడ నిర్ణయం ఎవరిది?"

పదిహేనుమందీ జోర్నిత్స వైపు చూపించారు.

జోర్నిత్స ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది. "ముప్పై ఒకటే," అంది. "అలాగే ఆడదాం."

"ఆ చివరున్న ఏడింటికి పాచిక వేసేవాళ్ళు ఎవరూ లేరే," అంది గెంచెవాగారు. కుర్చీ లాక్కుని కూర్చుంది. తాళంచెవి మాట మళ్ళీ ఎత్తలేదు.

భూతాలన్నీ వంతెన మీదికి పొర్లుకొచ్చాయి. ఇలినా, మ్లాదెన్ అవతలి ఒడ్డున, మంత్రాలూ బాణాలూ ఏమీ మిగలకుండా. బోయన్ గట్టిగా దగ్గాడు.

"చచ్చినవాళ్ళు సలహాలివ్వకూడదు," అన్నాడు మ్లాదెన్.

"నేనేమైనా అన్నానా?" అని, బోయన్ చెక్క స్కేలు వైపే రెప్ప వేయకుండా చూస్తూ కూర్చున్నాడు.

ఇలినాకి అప్పుడు వెలిగింది. "జోర్నిత్సా, ఆ వంతెన తాళ్ళు దేంతో చేసినవి?"

ఆ సంగతి రెండు ఫోటోల్లోనూ లేదు. జోర్నిత్స తడుముకోలేదు. "పాతబడిన జనపనార," అంది. ఈసారి భయంతో కాదు.

"అయితే నడుంకున్న చురకత్తి చాలు, కోసేస్తున్నా," అని ఇలినా స్కేలు ఎత్తింది. ముప్పై ఒక్క గింజలూ బల్ల మీంచి నేలమీదికి జలజలా రాలాయి. భూతాలవాళ్ళు ఉసూరుమన్నారు. గెంచెవాగారు తన ఏడింటికి తప్పించుకునే అవకాశం ఇవ్వలేదేమని నియమాల పుస్తకం తీయించి అరగంట వాదించింది.

తర్వాతి శనివారం గాయకబృందం పదింటికే వచ్చింది. పాటల పుస్తకం మాత్రం ఒక్కరూ తేలేదు.