గడ్డం కింద చెయ్యి

ఒక పెద్ద అడవిలో సింహం రాజుగారి గొంతు పెద్దది, మాట చిన్నది. "గాఁ" అని ఒక్క గాండ్రింపు, అంతే. అక్కడే వాగు గట్టున ఒక తీతువు పిట్ట, గడ్డిలో నేలమీదే నాలుగు గుడ్లు పెట్టుకుని కాపలా కాస్తుండేది. ఏ ఆపద కనబడ్డా ముందు అరిచేది అదే.

ఒకనాడు నిండు కొలువులో నక్క సింహం గడ్డం కింద చెయ్యి పెట్టి గాండ్రించమంది. తర్వాత తీతువు ముక్కు కింద పెట్టి అరవమంది.

"చూశారా ప్రభూ! దవడ ఎన్నిసార్లు దిగితే అన్ని అక్షరాలు. తమకి దిగింది ఒక్కసారి. ఈ గుప్పెడు పిట్టకి ఆరుసార్లు! ఇదేం మర్యాద? ఇకమీదట ఎవరికైనా ఒక్కటే చాలు!"

సింహానికి లెక్క అర్థం కాలేదు గానీ అవమానం అర్థమైంది. మీసం అదిరింది.

"మరి నీ ఊళ సంగతో, నక్క బావా? అడవంతా వినబడుతుంది కదా!" అంది తీతువు.

"ఎంత సాగదీసినా నా దవడ దిగేది ఒక్కసారే. పొడుగు వేరు, లెక్క వేరు."

"నేలమీద గుడ్లు పెట్టుకున్నదాన్ని. ఆపదొస్తే ఒక్క అక్షరంతో ఏం చెప్పను?"

"రోజుకొకటి చొప్పున చెప్పు. తొందరేముంది?"

చట్టం వచ్చేసింది. రోజుకి ఒక ప్రాణికి ఒకే అక్షరం. నక్క అక్షరాల అధికారి అయింది, అధికారికి మాత్రం మినహాయింపు. రెండో అక్షరం పలికిందని మొదటి రోజే రామచిలుక ముక్కుకి తీగ చుట్టారు. తీతువు అది కళ్ళారా చూసింది.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం గట్టు దగ్గర వెదుళ్ళు రాసుకుని నిప్పు పుట్టింది. తీతువు అరవబోయి, చిలుక ముక్కు గుర్తొచ్చి, నక్కగారి కచేరీకి ఎగిరింది. నక్క తీరిగ్గా ముక్కు కింద చెయ్యి పెట్టింది.

"మం..." అంది తీతువు.

"ఒకటయింది. మిగతాది రేపు."

తీతువు రెక్కతో గట్టువైపు చూపించింది.

"సైగలు మా శాఖ కాదు," అంది నక్క.

మంటలు కొలువుకే వచ్చాయి. సింహం జూలు అంటుకుంది. నీళ్ళు తెమ్మనబోయి నోరు తెరిచింది. అలవాటుకొద్దీ నక్క చెయ్యి గడ్డం కిందికి చేరింది. అందరి ముందూ తన చట్టం తనే మీరితే పరువేం కాను? రాజుగారు "నీ..." అని ఆగిపోయారు. తొండం నిండా నీళ్ళతో ఏనుగు, మిగతా ఆజ్ఞ కోసం భక్తిగా నిలబడింది. ఇలాంటి విధేయతను తగలెయ్య!

తీతువు ఇక ఉండబట్టలేకపోయింది. "నీళ్ళు పొయ్యవయ్యా ఏనుగు మామా! మంటలు! గట్టు మీద నా గుడ్లు!" అని గొంతు చించుకుంది.

ఏనుగు పోసింది. ముందు రాజుగారి మీదే పోసింది. గట్టు దాకా వచ్చేసరికి గడ్డి బూడిదైంది. గుడ్లు నాలుగూ పగిలిపోయి ఉన్నాయి.

మర్నాడు సగం జూలుతో సింహం కొలువుదీరింది. నక్క అభియోగం చదివింది. "నిన్నటి అక్షరం కచేరీలోనే వాడేసుకుంది. ఆపైన అరిచినవి ఇరవై ఒకటి. అన్నీ నేరమే."

రాజు ప్రాణం నిలిపిన అక్షరాలు కదా అని ఎవరూ అనలేదు. అనడానికి ఒకటి చాలదు మరి!

తీగ చుట్టే ముందు నక్క ఉదారంగా అంది: "ఇవాళ్టిది ఇంకా మిగిలే ఉంది. చెప్పుకుంటావా?"

తీతువు "ఆఁ..." అని ఏడ్చింది. ఊపిరి అయిపోయేదాకా ఏడ్చింది.

నక్క దాని ముక్కు కింద చెయ్యి పెట్టి చూసింది. "ఒకటే. చట్టబద్ధం," అంది.

నీతి: ఏడుపుకి ఒక్క అక్షరం చాలు, అందుకే ఏ రాజ్యంలోనూ దానికి నిషేధం ఉండదు.