ఒక్క ఫోనే కదా!

అనుకున్న వెంటనే లేచి పని చేసేసేవాళ్లని చూస్తే నాకు జాలి. పాపం, పదింటికి అనుకుంటారు, పదీ అయిదుకల్లా అయిపోతుంది. మిగతా రోజంతా ఏం చేసుకుంటారు? నాకా బెంగ లేదు. ఒక్క పని అప్పగిస్తే చాలు, ఆరు వారాలు ఊపిరి సలపదు!

స్నానమే తీసుకోండి. మీకది ఒక పని. నాకు? కుర్చీలోంచి లేవడం ఒకటి. తువ్వాలు ఎక్కడుందో గుర్తు చేసుకోవడం ఇంకోటి. అది ఇంకా తడిగానే ఉందని కనిపెట్టి మళ్లీ కుర్చీలో కూలబడటం మూడోది. ఇంత శ్రమపడ్డాక స్నానం కూడా చేయమంటే ఎలా?

మా హాల్లో బల్బు పోయి ఏడాదైంది. కొత్త బల్బు స్టూలు మీదుంది. స్టూలు సరిగ్గా పోయిన బల్బు కిందే ఉంది. ఇక ఎక్కడమేగా, తొందరేముంది?

అలాగని నన్ను సోమరిపోతు అనుకునేరు! నేను ఓ ఆఫీసు కౌంటర్లో గుమాస్తాని. రోజుకి యాభై మంది ఫారాలు చకచకా నింపిపెడతాను. ఎదురుగా మనిషి నిలబడితే చెయ్యి దానంతటదే ఆడుతుంది. నా ఎదురుగా నేనే వచ్చి నిలబడే సదుపాయం లేదు, అదొక్కటే లోటు.

ఈ నేపథ్యంలో నాకు పన్ను నొప్పి మొదలైంది. చేయాల్సిందల్లా పంటి డాక్టరుకి ఒక ఫోన్. రోజూ లంచ్ టైములో ఫోన్ చేతిలోకి తీసుకునేదాన్ని. ముందు హలో అనాలా, నమస్కారం అనాలా? అది తేలేలోపు లంచ్ అయిపోయేది. సాయంత్రానికి మూటలు మోసినట్టు ఒళ్లు హూనం. జరిగిన పని మాత్రం సున్నా!

ఆరో వారం బుగ్గ బెలూన్‌లా ఉబ్బింది. చెల్లి వచ్చి చూసి కెవ్వుమంది.

"ఎన్నాళ్ల నుంచక్కా ఇది?"

"ఫోన్ చేద్దామనే అనుకుంటున్నా..."

"ఒక్క ఫోనే కదా! రెండు నిమిషాల పని!"

తనే చేసింది. నలభై సెకన్లు పట్టింది. నా ఆరు వారాల కష్టాన్ని ఎంత చులకన చేసిందో చూశారా?

డాక్టరు టార్చి వేసి చూసి పెదవి విరిచాడు. "నెల ముందు వచ్చుంటే పన్ను దక్కేది. ఉద్యోగం చేస్తున్నారు, అయినా ఇంత బద్ధకమా?"

బద్ధకం! బద్ధకంలో సుఖం ఉంటుంది డాక్టరుగారూ! కాళ్లు చాపుకోవడం ఉంటుంది, కునుకు ఉంటుంది. ఈ ఆరు వారాల్లో నేను ఒక్క పూట హాయిగా కూర్చుంటే ఒట్టు. ఆ మాటే అందామనుకున్నాను. ఎలా మొదలుపెట్టాలా అని చూస్తుండగానే సూది పొడిచేశాడు.

పన్ను పీకి, ఆ గుంటలో దూది కుక్కి, "గంటసేపు నోరు తెరవకండి" అన్నాడు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. చెల్లి నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

"కోప్పడను, నిజం చెప్పక్కా. ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నప్పుడు నీకు లోపల ఏమవుతుంది?"

నలభై ఏళ్లలో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అమ్మ అడగలేదు, టీచర్లు అడగలేదు, ఆఫీసరు అడగలేదు. జవాబు మాత్రం ఎప్పట్నుంచో సిద్ధంగా ఉంది, కామాలతో సహా!

చెబుదామంటే, నోటినిండా దూది.