ముసలి రాజుకు మూల ఇల్లు

ఆదివారం పొద్దున మమత అనుకున్నది ఒక్కటే. నాలుగింటికి కాలేజీ నుంచి కంప్యూటరు పాఠాలు చెప్పే మనాలి మేడమ్ వచ్చేలోగా కంప్యూటరుకు చదరంగంలో చివరి ఆట వచ్చేయాలి. ఒకవైపు రాజు, ఏనుగు. ఎదుట ఒంటరి రాజు. కిటుకులేవీ చెప్పకుండా, కాయలు కదిలే నియమాలు, ఆటకు మార్కులు మాత్రం ఇచ్చి, తనతో తానే ఆడుకుని నేర్చుకోమని వదిలింది. అది గెలిస్తే సెలవుల కంప్యూటరు క్లాసులో సీటు. మహబూబ్‌నగర్ పల్లెలో పదో తరగతి చదివి ముంబై కామాటిపురాలోని వరుస గదుల చాల్‌కు వచ్చిన పిల్లకు అంతకంటే పెద్ద కోరిక లేదు.

నలుగురిలో నోరు పెగలని మమత కంప్యూటరుతో మాత్రం బాగా మాట్లాడుతుంది. చదరంగం గడిని ఆ చాల్‌లో ఇల్లు అనే అంటారు. ఒంటరి రాజు మమతకు ముసలోడు.

"ఒక్కొక్క ఇల్లు గుంజుకో. ముసలోన్ని మూలకు నూకు. ఆడ్నే ఖతం!" అని తెరను హుషారు చేసింది.

బిందెతో వెళ్తున్న పక్కగది రత్నాబాయి ఆగిపోయింది. చాల్ పడగొట్టి టవర్ కడతారని నెల నుంచీ మాట. బిందె నిండేలోపు వార్త మూడంతస్తులూ పాకింది: టవర్‌లో ఎవరికి ఏ ఇల్లో పోచయ్య బిడ్డ మమత కంప్యూటరే తేలుస్తోందట!

ముందుగా చాల్ కమిటీ పెద్ద గంగారాం వచ్చాడు. "బేటీ, మొత్తం ఎన్ని ఇండ్లు?"

"అరవై నాలుగు," అంది మమత, ఆట గురించే అనుకుని.

చాల్‌లో ఉన్న గదులూ సరిగ్గా అన్నే. గంగారాం ముఖం పాలిపోయింది.

"సగం నల్లగున్నయేందే?" రత్నాబాయి తెరలోకి తొంగిచూసింది. "ఎలుతురు లేనియా? నా తల్లివి కదా, నాకు తెల్లది పెట్టు!"

వివరించబోతే మమతకు గొంతు దాటి మాట రాలేదు. ఆ మౌనాన్ని అందరూ, బయటపెట్టొద్దన్న పైవాళ్ల ఆర్డర్ అనుకున్నారు. రేషన్ కార్డులు, కరెంటు బిల్లులు కీబోర్డు మీద పడ్డాయి. ఫోరస్ రోడ్ వైపు గదిలో ఒంటరిగా ఉండే ముసలి లస్మయ్య మంచం మోసుకొచ్చి మమత గుమ్మంలోనే వాల్చాడు.

"నన్ను మూలకు నూకుతరా? ఎవడు నూకుతడో సూస్త!"

నాలుగింటికి మేడమ్ ఆ మంచం దాటుకుని లోపలికి వచ్చింది. వరండా నిండా జనం. ఒంటరి రాజును తానే ఆడతానంది. కంప్యూటరు రెండో ఎత్తులోనే ఏనుగును తెచ్చి, కాపలా లేకుండా, ఆ రాజు పక్కన నిలబెట్టింది. మేడమ్ రాజు దాన్ని తినేశాడు. ఇద్దరు రాజులే మిగిలారు, ఆట డ్రా.

"ముసలోనికి ఇల్లు దక్కిందిరో!" చాల్ ఊగిపోయింది.

మమత కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏనుగును ఎందుకు వదిలేసింది?" అడిగింది మేడమ్.

ఆ ప్రశ్నకు జవాబు తెలిసింది అక్కడ మమత ఒక్కదానికే. మాట దానంతటదే వచ్చేసింది.

"తప్పు దానిది కాదు మేడమ్, నాది. గెలిస్తే పది మార్కులన్న. జల్ది ఆడాలని ఎత్తుకొక మార్కు కోసిన. పదహారు ఎత్తులాడి గెలిచినా ఆరు మైనస్సే. రెండెత్తులకే డ్రా ఐతే రెండే మైనస్. అందుకే ఏనుగునిచ్చి తప్పించుకుంది." అదే ఊపులో జనం వైపు తిరిగింది. "ఇవి ఆటల ఇండ్లు, మనయి కావు!"

"ఏదైతేంది, నేను గెలిచిన," అన్నాడు లస్మయ్య.

మేడమ్ నవ్వింది. "ఎందుకు గెలవలేదో చెప్పగలిగే పిల్లలే నాకు కావాలి. ఒకటో తారీకు నుంచి రా."

మరునాడు మమత మార్కులు సరిదిద్దింది. ఒంటరి రాజు పదహారు ఎత్తుల్లో మూలలో చిక్కాడు. ఆ సంగతి మాత్రం లస్మయ్య చెవిన ఎవరూ వేయలేదు.